మిల్లు ప్రోగ్రాం వీబీ6లో ఉంది, విజువల్ స్టూడియోకి మారాలా?

ప్రశ్న: నరసన్నపేటలో కంప్యూటర్ షాపు నడుపుతున్నాను. చుట్టుపక్కల కొన్ని రైస్ మిల్లుల్లో ధాన్యం కొనుగోలు, కాటా చీటీ, బియ్యం, నూకలు, తవుడు బిల్లులు అన్నీ ఒకే ప్రోగ్రాం మీద నడుస్తున్నాయి. విజువల్ బేసిక్ 6లో రాసినది, డేటా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ తాలూకు ఎండీబీ ఫైల్లో ఉంటుంది. రాసినాయన ఊరు వదిలి వెళ్తూ సోర్స్ కోడ్, సీడీ నాకు ఇచ్చారు. ఇప్పుడు మూడు తలనొప్పులు. పెద్ద లారీ కాటా ఎక్కితే ‘ఓవర్‌ఫ్లో’ అని ప్రోగ్రాం మూసుకుపోతోంది. కొత్త కంప్యూటర్ పెట్టిన చోట కాటా తగలడం లేదు. రైతు పేరు తెలుగులో కావాలని షావుకార్లు అడుగుతున్నారు, టైపు చేస్తే ప్రశ్న గుర్తులు పడుతున్నాయి. విశాఖలో ఉద్యోగం చేసే స్నేహితులు వీబీ6 చచ్చిపోయింది, వీఎస్ కోడ్‌లో వెబ్ అప్లికేషన్‌గా తిరగరాసెయ్ అంటున్నారు. నా దగ్గర 8 జీబీ ల్యాప్‌టాప్ ఉంది. వీబీ6తోనే నెట్టుకురావాలా, విజువల్ స్టూడియో 2022కి మారాలా?

సమాధానం: రెండూ ఉంచుకోండి, కానీ రెండింటికీ పని వేరు. వీబీ6ని మరమ్మతుకు మాత్రమే వాడండి. అందులో కొత్త స్క్రీన్ ఒక్కటీ మొదలుపెట్టకండి. కొత్తది ఏది రాసినా విజువల్ స్టూడియోలో, అదే ఎండీబీ మీద, ఒక్కో ముక్కగా రాయండి. మొత్తం ప్రోగ్రాంని ఒకేసారి తిరగరాసే పని మాత్రం పెట్టుకోవద్దు. మీరు చెప్పిన మూడు సమస్యల్లో మొదటి రెండూ వీబీ6లోనే పోతాయి. మూడోదానికే కొత్త పరికరం కావాలి.

‘వీబీ6 చచ్చిపోయింది’ అనే మాటలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. కోడ్ రాసే ఎడిటర్‌కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2008 ఏప్రిల్ 8తో ఆగిపోయింది, అది నిజం. కానీ తయారైన ప్రోగ్రాం నడవడానికి కావలసిన రన్‌టైమ్ ఫైలు ఈనాటికీ విండోస్‌తోనే వస్తుంది, విండోస్ 11లో కూడా ఉంది. 64 బిట్ విండోస్ మీద ఈ 32 బిట్ ప్రోగ్రాం మామూలుగానే నడుస్తుంది. కాబట్టి మిల్లులో ప్రోగ్రాం రేపు పొద్దున ఆగిపోదు. అసలు ప్రమాదం మీ దగ్గర ఉంది. ఆ కోడ్‌ని కంపైల్ చేసే కంప్యూటర్ ఒక్కటే ఉండి, దాని హార్డ్‌డిస్క్ పోతే చిన్న మార్పు కూడా చెయ్యలేరు.

అందుకని మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఈ పని చెయ్యండి. వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని, అంటే వర్చువల్ మెషీన్‌ని నడిపే ప్రోగ్రాం) వేసి, అందులో 32 బిట్ విండోస్ 7 గానీ విండోస్ 10 గానీ పెట్టండి. 2 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్ ఇస్తే సరిపోతుంది. విండోస్ 7 అయితే దానికి నెట్‌వర్క్ కనెక్షన్ ఇవ్వకండి. మీ సీడీ నుంచి వీబీ6, ఆ తర్వాత సర్వీస్ ప్యాక్ 6 వెయ్యండి. తర్వాత ప్రాజెక్టు వీబీపీ ఫైల్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట్లో ‘ఆబ్జెక్ట్’, ‘రిఫరెన్స్’ అని మొదలయ్యే వరుసలు కనిపిస్తాయి. ప్రోగ్రాం ఆధారపడే ఓసీఎక్స్, డీఎల్‌ఎల్ ఫైళ్ల జాబితా అదే. ఆ ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్లో కూడా దాచిపెట్టండి. కంపైల్ చేసి, వచ్చిన ఎక్స్‌ఈని ఒక మిల్లు డేటా కాపీ మీద నడిపి చూసి, అన్నీ బాగుంటే ఆ వర్చువల్ మెషీన్‌ని ఓవీఏ ఫైలుగా ఎగుమతి చేసి రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టండి. ఇక ల్యాప్‌టాప్ మార్చినా మీ వీబీ6 మీతోనే ఉంటుంది.

నేరుగా విండోస్ 11 మీద వీబీ6 వెయ్యడం కుదరదని కాదు. ఇన్‌స్టాలర్ పాత జావా కోసం వెతుక్కుంటూ ఆగిపోకుండా విండోస్ ఫోల్డర్లో ఎమ్‌ఎస్‌జావా డాట్ డీఎల్‌ఎల్ అనే పేరుతో ఖాళీ ఫైలు పెట్టాలి, డేటా యాక్సెస్ భాగం టిక్ తీసెయ్యాలి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి. అయినా వర్చువల్ మెషీనే మేలు, ఎందుకంటే దాన్ని ఉన్నది ఉన్నట్టుగా దాచుకోవచ్చు.

సోర్స్‌ని గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రని దాచే ప్రోగ్రాం) పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఎఫ్‌ఆర్‌ఎం ఫైలుతోపాటు ఉండే ఎఫ్‌ఆర్‌ఎక్స్ ఫైల్ని వదలొద్దు, ఫారం మీది బొమ్మలు, లిస్టుల్లోని డేటా దానిలో ఉంటాయి. దాన్ని బైనరీగా గుర్తించమని గిట్‌కి చెప్పాలి. ఇక ఎఫ్‌ఆర్‌ఎం, బీఏఎస్, వీబీపీ ఫైళ్లకు వరుస చివర విండోస్ పద్ధతి సీఆర్ఎల్ఎఫ్ ఉండి తీరాలి. అది ఉత్త ఎల్ఎఫ్‌గా మారితే వీబీ6 ఆ ఫారాన్ని ఫారంగా గుర్తుపట్టదు. గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్లో మొదటిరోజే ఈ రెండు నియమాలూ రాసెయ్యండి.

ఇప్పుడు ఓవర్‌ఫ్లో సంగతి. వీబీ6లో ఇంటీజర్ 16 బిట్లే, అందులో పట్టే పెద్ద సంఖ్య 32,767. ప్రోగ్రాం రాసిన రోజుల్లో వచ్చిన లారీలకు అది సరిపోయింది. సరుకుతో కలిపి 36,480 కిలోలు తూగే లారీ ఎక్కగానే ఎర్రర్ 6 వస్తుంది. బరువు దాచే చోటల్లా ఇంటీజర్‌ని లాంగ్‌గా (32 బిట్ల సంఖ్య రకం) మార్చాలి. ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. ‘డిమ్ గ్రాస్, టేర్, నెట్ యాజ్ లాంగ్’ అని ఒకే వరుసలో రాస్తే లాంగ్ అయ్యేది చివరి నెట్ ఒక్కటే, ముందున్న రెండూ వేరియంట్లు, అంటే ఏ రకం విలువనైనా పట్టేవి. ఒక్కోదానికీ విడిగా రకం చెప్పాలి. కోడ్ మొత్తంలో సీఇంట్ అనే ఫంక్షన్ కోసం కూడా వెతికి, బరువు మీద వాడిన ప్రతిచోటా సీలాంగ్ (కోడ్‌లో CLng అని రాయాలి) పెట్టండి.

కోడ్ మార్చాక కూడా ఎర్రర్ వస్తే రెండు చోట్ల చూడండి. ఒకటి, ఎండీబీ టేబుల్లో ఆ కాలమ్ ఫీల్డ్ సైజు. యాక్సెస్‌లో ఇంటీజర్ కూడా 16 బిట్లే, దాన్ని లాంగ్ ఇంటీజర్ చెయ్యాలి. రెండోది పైకి కనిపించని గుణకారం. బస్తాల సంఖ్య ఇంటీజర్‌గా ఉండి దాన్ని 80తో గుణించారనుకోండి. రెండూ ఇంటీజర్లే కాబట్టి వీబీ6 లెక్క కూడా ఇంటీజర్లోనే కడుతుంది, జవాబు దాచేది లాంగ్ అయినా సరే. 409 బస్తాల దాకా 32,720, ఇబ్బంది లేదు. 410వ బస్తాకి 32,800 అయి ఆగిపోతుంది. బస్తాల సంఖ్యని ముందు సీలాంగ్‌తో మార్చి ఆపైన గుణించండి.

కాటా తగలకపోవడానికి కారణం దాదాపుగా కామ్ పోర్ట్ నంబరే. కొత్త కంప్యూటర్లకు సీరియల్ పోర్ట్ ఉండదు, యూఎస్‌బీ కేబుల్ పెడతారు. మామూలు చవక కేబుళ్లకు తమదంటూ సీరియల్ నంబర్ ఉండదు కాబట్టి వేరే యూఎస్‌బీ పోర్టులో గుచ్చిన ప్రతిసారీ విండోస్ దానికి కొత్త కామ్ నంబర్ ఇస్తుంది. వీబీ6లోని ఎమ్‌ఎస్‌కామ్ కంట్రోల్‌కి 1 నుంచి 16 దాకా నంబర్లే తెలుసు. డివైస్ మేనేజర్లో పోర్ట్స్ కింద ఆ కేబుల్ ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ లోకి వెళ్లి 3 గానీ 4 గానీ ఇవ్వండి. ఆ నంబర్ ‘వాడుకలో ఉంది’ అని చూపించినా, అది ఎప్పుడో తీసేసిన కేబుల్ తాలూకుదైతే తీసుకోవచ్చు. ఆ యూఎస్‌బీ పోర్టు పక్కన స్టిక్కర్ అంటించి, కేబుల్ ఇక్కడి నుంచి తియ్యొద్దని గుమస్తాకి చెప్పండి. డివైస్ మేనేజర్లో కేబుల్ మీద పసుపు గుర్తు ఉంటే మాత్రం నంబర్ మార్చి లాభం లేదు. డ్రైవర్ సరిగా పడలేదు, లేదా దాని చిప్‌ని కొత్త డ్రైవర్ ఒప్పుకోవడం లేదన్నమాట. డ్రైవర్ మళ్లీ వేసినా పోకపోతే కేబుల్ మార్చండి.

కామ్ కంట్రోల్ ఫైలే లేదని ప్రోగ్రాం మొరాయిస్తే ఎమ్‌ఎస్‌కామ్32 ఓసీఎక్స్‌ని సిస్‌వావ్64 ఫోల్డర్లో పెట్టి, ఆ ఫోల్డర్లోనే ఉన్న రెగ్‌సర్వర్32తో అడ్మినిస్ట్రేటర్‌గా రిజిస్టర్ చెయ్యాలి. పేరులో 64 ఉన్నా 32 బిట్ ఫైళ్లు ఉండే చోటు అదే. సిస్టమ్32లో పెట్టి గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఇంతవరకూ విజువల్ స్టూడియో అవసరం రాలేదు. తెలుగు దగ్గర వస్తుంది.

వీబీ6 లోపల అక్షరాలను యూనికోడ్‌గానే దాస్తుంది. కానీ లేబుల్, టెక్స్ట్‌బాక్స్, ప్రింటర్ దగ్గరికి వచ్చేసరికి వాటిని పాత ఆన్సీ కోడ్ పేజీలోకి, అంటే కొన్ని భాషల అక్షరాలే పట్టే పాత పట్టికలోకి మారుస్తుంది. తెలుగుకి అలాంటి కోడ్ పేజీ విండోస్‌లో లేదు, అందుకే ప్రతి అక్షరం ప్రశ్న గుర్తయిపోతుంది. ఫాంట్ మార్చితే పోయే జబ్బు కాదిది. పాత డీటీపీ ఫాంట్లతో పైకి తెలుగులా చూపించవచ్చు గానీ, డేటాలో ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. అకారాది క్రమం కుదరదు, వాట్సాప్‌లో పంపితే ఎవరికీ అర్థం కాదు. ఆ దారి వద్దే వద్దు.

మీకు కలిసొచ్చే సంగతి ఏమిటంటే, జెట్ 4 (యాక్సెస్ డేటాని నడిపే ఇంజన్) తరహా ఎండీబీ ఫైలు తెలుగుని చక్కగా దాచుకోగలదు. కాబట్టి రైతు పేరు నమోదు, తెలుగు రసీదు కొత్త ప్రోగ్రాంలో రాసి అదే డేటా మీద నడపవచ్చు. అయితే ఉన్న పేరు కాలమ్‌లోనే తెలుగు పెట్టకండి. కొత్త ప్రోగ్రాంలో ‘అప్పలనాయుడు’ అని చక్కగా రాశాక, గుమస్తా పాత స్క్రీన్‌లో అదే రైతుని తెరిచి ఫోన్ నంబర్ మార్చి సేవ్ కొడితే పేరు ప్రశ్న గుర్తులుగా డేటాలోకి వెళ్లిపోతుంది. ఇక తిరిగి రాదు. టేబుల్ చివర ‘తెలుగు పేరు’ అని వేరే కాలమ్ చేర్చండి, పాత ప్రోగ్రాం దాని జోలికి పోదు. చేర్చే ముందు పాత కోడ్‌లో ఇన్‌సర్ట్ వాక్యాలన్నీ చూడండి. కాలమ్ పేర్లు చెప్పకుండా ఉత్త విలువలే ఇచ్చిన ఇన్‌సర్ట్ ఉంటే, కాలమ్ చేర్చిన మరుక్షణం అది విఫలమవుతుంది. అక్కడ కాలమ్ పేర్లు రాసి మళ్లీ కంపైల్ చెయ్యాలి.

కొత్త పరికరంగా విజువల్ స్టూడియో కమ్యూనిటీ తీసుకోండి. ఒక్కరే పనిచేసే డెవలపర్‌కి అది ఉచితం, రాసిన ప్రోగ్రాం డబ్బుకి అమ్మినా సరే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డాట్‌నెట్ డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ ఒక్కటే టిక్ పెట్టండి, మిగతావి డిస్క్‌నీ నెట్‌నీ తినడానికే. నెట్ నెమ్మదిగా ఉంటే, ఇన్‌స్టాలర్‌ని లేఅవుట్ ఆప్షన్‌తో నడిపి ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్లోకి దించుకుని, ఆఫ్‌లైన్‌లో వేసుకోవచ్చు. 8 జీబీతో పని జరుగుతుంది గానీ, డిస్క్ పాత హార్డ్‌డిస్క్ అయితే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి. ర్యామ్ పెంచడం కంటే దానివల్లే తేడా ఎక్కువ తెలుస్తుంది. వర్చువల్ మెషీన్, విజువల్ స్టూడియో రెండూ ఒకేసారి తెరిచి ఉంచకండి.

వీఎస్ కోడ్ మంచి ఎడిటరే, కానీ ఫారం మీద బటన్ లాగి పెట్టే డిజైనర్ అందులో లేదు. మీ పని అంతా ఫారాలతోనే. ఇక వెబ్ అంటే, కాటా పోర్టుని నేరుగా చదవడం క్రోమ్, ఎడ్జ్ లాంటి కొన్ని బ్రౌజర్లలోనే కుదురుతుంది, మిగతావాటికి మిల్లు కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం పెట్టాల్సి వస్తుంది, నెట్ పోయిన పూట లారీలు గేటు దగ్గర ఆగుతాయి. వేరే ఊళ్లోని షావుకారు ఫోన్లో లెక్క చూసుకోవాలి అన్నప్పుడు ఆ ఒక్క ముక్కకీ వెబ్ ఆలోచించండి.

ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు ‘విండోస్ ఫార్మ్స్’ పేరుతో రెండు రకాలు కనిపిస్తాయి. బ్రాకెట్లో డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ అని ఉన్నదాన్ని ఎంచుకుని, వెర్షన్ 4.8 పెట్టండి. విండోస్ 11లో అది ముందే ఉంటుంది, విండోస్ 10లో 2019 మే అప్‌డేట్ నుంచీ ఉంది, సర్వీస్ ప్యాక్ 1 ఉన్న విండోస్ 7 మీద కూడా వేసుకోవచ్చు. డాట్‌నెట్ 8 లాంటి కొత్తవి విండోస్ 7 మీద నడవవు. మీ మిల్లుల్లో అలాంటి కంప్యూటర్ ఒక్కటున్నా ఈ తేడా ముఖ్యం.

తర్వాత మరిచిపోకూడని సెట్టింగ్ ఒకటుంది. ప్రాజెక్టు ప్రాపర్టీస్‌లో, కంపైల్ పేజీలో టార్గెట్ సీపీయూని ఎక్స్86 చెయ్యండి. ఎండీబీని తెరిచే జెట్ 4.0 ప్రొవైడర్ 32 బిట్‌లోనే ఉంది. టార్గెట్ ‘ఎనీ సీపీయూ’గా ఉండి, ‘ప్రిఫర్ 32 బిట్’ టిక్ లేకపోతే 64 బిట్ విండోస్ మీద ప్రోగ్రాం 64 బిట్‌గా లేచి, ‘ప్రొవైడర్ రిజిస్టర్ కాలేదు’ అంటుంది. ఆ సందేశం చూసి ఏవేవో ఇన్‌స్టాల్ చేస్తూ పోతారు, నిజానికి మార్చాల్సింది ఈ ఒక్క సెట్టింగే. పాత ఓసీఎక్స్‌లను కొత్త ఫారం మీదికి తెచ్చే ప్రయత్నం కూడా చెయ్యకండి. విజువల్ స్టూడియో 2022 తానే 64 బిట్ ప్రోగ్రాం, దాని మామూలు డిజైనర్‌కీ 32 బిట్ ఓసీఎక్స్‌కీ పొత్తు కుదరదు. ఫ్లెక్స్‌గ్రిడ్ బదులు డేటాగ్రిడ్‌వ్యూ, ఎమ్‌ఎస్‌కామ్ బదులు సీరియల్‌పోర్ట్ వాడండి.

పాత ప్రాజెక్టుని దానంతటదే మార్చేసే అప్‌గ్రేడ్ విజార్డ్ విజువల్ స్టూడియో 2008తో ఆగిపోయింది. దానికోసం పాత వెర్షన్ వెతుక్కోవద్దు. అది మార్చిన కోడ్ పాత అలవాట్లని అనుకరించే లైబ్రరీల మీద ఆధారపడి ఉంటుంది, చదవడానికే కష్టం.

భాష విషయంలో, ఈ ప్రోగ్రాంకి వీబీ డాట్‌నెట్ సరిపోతుంది. లెక్కలు కట్టే వరుసలని పాతవాటి పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. 2020 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఈ భాషని ఇకపై విస్తరించబోమని చెప్పింది గానీ, ఉన్నదానికి మద్దతు కొనసాగుతోంది. ఉద్యోగం మీద కూడా దృష్టి ఉంటే సీ షార్ప్ విడిగా నేర్చుకోండి.

కోడ్ తెచ్చేటప్పుడు పేరు ఒకటే, అర్థం వేరు అయినవి ఉన్నాయి. కొత్తదాంట్లో ఇంటీజర్ 32 బిట్లు, కాబట్టి లారీ బరువు బెడద అక్కడ లేదు. కరెన్సీ రకం లేదు, డెసిమల్ వాడాలి. పైసల దగ్గర మాత్రం బాగా నిదానించండి. వీబీ6లో రౌండ్ ఫంక్షన్ 0.125ని రెండు స్థానాలకు 0.12 చేస్తుంది, ఫార్మాట్ ఫంక్షన్ 0.13 చేస్తుంది. పాత బిల్లులో ఏ చోట ఏది వాడారో చూసి, కొత్తదాంట్లో అదే ఫలితం వచ్చేలా రాయండి. మ్యాథ్ డాట్ రౌండ్ కూడా మామూలుగా 0.12 ఇచ్చే పద్ధతిలోనే పోతుంది, 0.13 కావాలంటే అవే ఫ్రమ్ జీరో అని చెప్పాలి. ఈ పైసా తేడా నెలాఖరు లెక్కలో గుమస్తా కంట పడితే, మిగతా ప్రోగ్రాం ఎంత బాగున్నా నమ్మకం పోతుంది.

తేదీల్లో ఇంకా పెద్ద గొయ్యి ఉంది. జెట్ ఎస్‌క్యూఎల్‌లో హ్యాష్ గుర్తుల మధ్య రాసిన తేదీని ముందు నెల, తర్వాత రోజుగా చదువుతుంది. నవంబర్ 5న కొన్న ధాన్యం కోసం 05/11 అని రాస్తే మే 11 డేటా వెతుకుతుంది. 13వ తేదీ నుంచి నెల స్థానంలో 13 కుదరదు కాబట్టి తనే తిప్పి సరిగ్గా చదువుకుంటుంది. అందుకే ఈ తప్పు ప్రతి నెలా మొదటి పన్నెండు రోజుల్లోనే కనిపించి మాయమవుతుంది. నెలాఖరున పరీక్షిస్తే దొరకదు. తేదీని వాక్యంలో అతికించకుండా పారామీటర్‌గా పంపండి. ఓఎల్ఈడీబీలో (కొత్త ప్రోగ్రాంని ఎండీబీకి కలిపే దారి) పారామీటర్లు పేరుతో కాక వరుసతో కలుస్తాయి, వాటి స్థానంలో వాక్యంలో పెట్టిన ప్రశ్న గుర్తులు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో చేర్చండి.

ముక్కల వరుస ఇలా పెట్టుకోండి. ముందు చదవడం మాత్రమే చేసే రిపోర్టులు, తప్పు వచ్చినా డేటా చెడదు. తర్వాత రైతుల వివరాలు, తెలుగు రసీదు. ఆ తర్వాత బిల్లులు, వీటిని ఏప్రిల్ 1న కొత్త నంబర్లతో మొదలుపెడితే పాత కొత్త కలగాపులగం కాదు. కాటా చిట్టచివర. ఖరీఫ్ ధాన్యం మిల్లుకి వచ్చే నవంబర్, డిసెంబర్‌లలో ఏ మార్పూ పెట్టకండి.

కాటాని చివరికి ఉంచమనడానికి కారణం ఉంది. ఒక కామ్ పోర్టుని ఒకేసారి ఒక ప్రోగ్రామే తెరవగలదు. రిపోర్టుల్లాగా పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నడిపి పోల్చే వీలుండదు. అందుకని ముందు మిల్లుకి వెళ్లి, పుట్టీ అనే ప్రోగ్రాంలో సీరియల్ కనెక్షన్ పెట్టి, పాత కోడ్‌లోని సెట్టింగ్స్ వరుసలో ఉన్న వేగమే ఇచ్చి, లారీ ఎక్కి దిగేదాకా వచ్చిన అక్షరాలన్నీ లాగ్ ఫైల్లోకి తీసుకోండి. ఇంటి దగ్గర పరీక్షలన్నీ ఆ ఫైలు మీదే చెయ్యవచ్చు.

సీరియల్‌పోర్ట్‌లో డేటా వచ్చినప్పుడు పిలిచే ఈవెంట్ వేరే థ్రెడ్‌లో నడుస్తుంది. అక్కడి నుంచి నేరుగా టెక్స్ట్‌బాక్స్‌ని ముట్టుకుంటే ఎర్రర్ వస్తుంది, బిగిన్‌ఇన్‌వోక్ ద్వారా పంపాలి. అంతకంటే ముఖ్యం, కాటా ఇండికేటర్ పంపే బరువు ఒకే విడతలో రావాలని లేదు. 012340 అని పంపితే ముందు 0123, కాసేపటికి 40 అందవచ్చు. మొదటి ముక్కనే సంఖ్యగా మార్చేస్తే 12,340 కిలోల లారీ చీటీ మీద 123 అవుతుంది. వచ్చిన ముక్కలను ఒక స్ట్రింగ్‌లో చేర్చుకుంటూ, మీ లాగ్‌లో కనిపించే ముగింపు అక్షరం వచ్చాకే విడదీయండి. పొడవు సరిపోని వరుసని పారెయ్యండి. వరుసగా కొన్నిసార్లు అదే బరువు వస్తేనే సేవ్ బటన్ వెలిగేలా పెట్టండి, లారీ ఇంకా కదులుతుండగా గుమస్తా నొక్కకుండా ఉంటుంది.

డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద కాటా చీటీని ఇంగ్లీషులోనే ఉంచండి. ఆ ప్రింటర్ల టెక్స్ట్ పద్ధతిలో మామూలుగా తెలుగు అక్షరాలు ఉండవు, తెలుగు కావాలంటే బొమ్మగా కొట్టాలి, ఒక్కో చీటీకి చాలా సేపు పడుతుంది. గేటు దగ్గర లారీలు వరుస కట్టినప్పుడు అది పనికిరాదు. తెలుగు రసీదు ఆఫీసులోని లేజర్ ప్రింటర్‌కి పంపండి. కొత్త కంప్యూటర్‌కి ప్యారలల్ పోర్ట్ లేక పాత ప్రోగ్రాం చీటీ కొట్టకపోతే, యూఎస్‌బీ ప్రింటర్‌ని షేర్ చేసి, నెట్ యూజ్ కమాండ్‌తో ఎల్పీటీ1ని ఆ షేర్‌కి కలపండి. పాత కోడ్‌లో ఒక్క వరుస కూడా మార్చాల్సిన పని ఉండదు.